ముక్కు ముందే చెప్పింది

1817లో లండన్ శివారు హాక్స్‌టన్‌లో వైద్యం చేసే జేమ్స్ పార్కిన్సన్ వణుకు జబ్బు మీద 66 పేజీల చిన్న పుస్తకం అచ్చువేయించాడు. అందులో ఉన్నది ఆరుగురి సంగతి. ఆ ఆరుగురిలో అందరూ ఆయన దగ్గరికి వైద్యానికి వచ్చినవాళ్లు కారు. ఇద్దరిని వీధిలో ఆపి మాట్లాడించాడు. ఇంకొకరినైతే దూరం నుంచి చూశాడంతే. అయినా ఆయన కంటికి ఆనినవన్నీ నేటికీ నిలిచాయి: ఊరికే ఉన్నప్పుడు వణికే చేయి, ముందుకు వంగిపోయే నడుము, ఆపుకోలేక పరుగులా మారే నడక. ఒక్కచోట మాత్రం ఆయన మాట నిలవలేదు. జబ్బును నిర్వచిస్తూ, ఇంద్రియాలకూ బుద్ధికీ ఏమీ కాదని రాశాడు. తరవాత వచ్చిన వైద్యులు చేతిని చూశారు, నడకను చూశారు, ముఖంలో తగ్గిన కదలికను చూశారు. ముక్కును చూడాలని ఎవరికీ తట్టలేదు. అలా 150 ఏళ్లకు పైగా గడిచిపోయాయి.

మా ఆదిలాబాద్‌లో ఇప్పటికీ దాదాపు అంతే. చేయి వణికితే మనిషి దవాఖానకు పోతాడు. వాసన పోతే పోడు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వైపు తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. గోండు, కొలాం గూడేల్లో ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. చెట్టు కనపడకముందే దాని వాసన ఎదురొస్తుంది, తియ్యగా, మత్తుగా, కాస్త పులిసినట్టు. అలాంటి వాసన ఒక ఏడు తెలియకపోతే ఆ మనిషి ఏమనుకుంటాడు? "సర్ది అయింది" అనుకుంటాడు. లేదంటే "వయసు మీద పడ్డది" అనుకుంటాడు. ఎక్కువసార్లు అదే నిజం కూడా. కొందరిలో మాత్రం అది మెదడు పంపిన మొదటి కబురు. చేయి వణకడానికి ఏళ్ల ముందే వచ్చిన కబురు. దాన్ని చదవడం వైద్యం ఎలా నేర్చుకుందో చెప్పడమే ఈ కథ.

మొదటి అడుగు 1975లో పడింది. అన్సారీ, జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ వణుకు జబ్బు, అంటే పార్కిన్సన్స్, ఉన్న 22 మందికి అమైల్ ఎసిటేట్ వాసన చూపించారు. అరటిపండు వాసన వచ్చే ద్రవం అది. ఎంత పలచగా కలిపినా ఎక్కడిదాకా పసిగట్టగలరో కొలిచారు. దాదాపు సగం మందికి వాసన శక్తి తగ్గిందని తేలింది. ఒక పత్రికలో అచ్చయింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దానికి కారణం ఉంది. కంటిచూపు కొలవడానికి అక్షరాల పలక ఉంది, వినికిడి కొలవడానికి యంత్రం ఉంది, వాసనకు ఏమీ లేదు. ఒక ఆసుపత్రిలో కొలిచిన దాన్ని ఇంకో ఆసుపత్రిలో సరిచూసుకునే దారే లేదు.

ఆ దారి వేసినవాడు రిచర్డ్ డోటీ. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 1984లో ఒక వాసన పరీక్షను బయటపెట్టింది. నాలుగు చిన్న పుస్తకాలు, ఒక్కో దానిలో పది పేజీలు. ప్రతి పేజీ అడుగున గోధుమరంగు పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని పెన్సిల్ మొనతో గీకితే లోపల పొదిగిన సూక్ష్మమైన గుళికలు పగిలి వాసన వస్తుంది. పైన నాలుగు పేర్లుంటాయి, అందులో ఒకటి ఎంచాలి. ఏ వాసనా రాకపోయినా సరే, ఏదో ఒకటి ఎంచి తీరాలి. ఆ నియమంలోనే దాని బలమంతా ఉంది. వాసన బొత్తిగా తెలియని మనిషి ఊహతో గుర్తుపెట్టినా 40కి పది వరకు వస్తాయి. అంతకంటే బాగా తక్కువ వస్తే మనిషి తెలిసి తప్పు చెబుతున్నాడని అర్థం. పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. కవరులో పెట్టి పోస్టులో పంపవచ్చు. ఈ చివరి సంగతిని గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

1988లో డోటీ బృందం అదే పరీక్షను 81 మంది పార్కిన్సన్స్ రోగుల మీద పెట్టింది. వచ్చిన ఫలితం అందరినీ ఆలోచనలో పడేసింది. వాసన తగ్గింది, అది ఊహించిందే. కానీ జబ్బు ఎంత ముదిరింది, ఎన్నేళ్లుగా ఉంది అన్నదానితో ఆ తగ్గుదలకు సంబంధమే లేదు. నిన్నగాక మొన్న జబ్బు బయటపడినవాడూ, పదేళ్లుగా మంచాన ఉన్నవాడూ ఒకే తీరున ఉన్నారు. అంటే వాసనకు జరగాల్సిన నష్టం చేయి వణకక ముందే జరిగిపోయింది. పైగా తమకు వాసన పోయిందన్న సంగతి చాలామంది రోగులకు పరీక్ష పెట్టేదాకా తెలియదు.

ఇంకో చిక్కు కూడా తేలింది. పార్కిన్సన్స్‌కు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా. మన అడవుల్లో, చేను గట్ల మీద పాకే దూలగొండి తీగ గింజల్లో ఆ పదార్థం సహజంగా ఉంటుంది. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దాన్ని విడదీశారు. పార్కిన్సన్స్‌కు అది మందని అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. మెదడులో తగ్గిన డోపమైన్ అనే రసాయనాన్ని లెవోడోపా భర్తీ చేస్తుంది, బిగుసుకున్న చేయి సడలుతుంది, అడుగు సాగుతుంది. కానీ వాసన మాత్రం తిరిగి రాదు. డోపమైన్ తగ్గడమే జబ్బుకు మూలమైతే, డోపమైన్ అందించాక ముక్కు ఎందుకు కోలుకోదు?

జవాబు చనిపోయినవారి మెదళ్లలో దొరికింది. ముక్కు పైకప్పుకు సరిగ్గా మీద, కపాలం లోపల, ఆల్ఫాక్టరీ బల్బ్ అనే చిన్న భాగాలు రెండుంటాయి. ముక్కు నుంచి వచ్చే నరాలు మొట్టమొదట చేరేది అక్కడికే. 1990ల మొదట్లో లండన్‌లో డేనియల్, హాక్స్ అనే వైద్యులు దానం చేసిన మెదళ్లలో ఆ భాగాన్ని సూక్ష్మదర్శిని కింద చూశారు. పార్కిన్సన్స్‌కు గుర్తుగా 1912లో ఫ్రెడరిక్ లెవీ వర్ణించిన ముద్దలు అక్కడా ఉన్నాయి. ఆ ముద్దల్లో ఎక్కువగా ఉండే ప్రొటీన్ ఆల్ఫా సైన్యూక్లిన్ అని 1997లో తేలింది. ఇక 2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్ బృందం పెద్ద ప్రతిపాదన చేసింది. ఈ ప్రొటీన్ పేరుకోవడం నడకను నడిపించే నల్లటి భాగం సబ్‌స్టాన్షియా నైగ్రాలో మొదలు కాదు. ఆల్ఫాక్టరీ బల్బ్ దగ్గర, మెదడు కాండం అడుగున పొట్టకు వెళ్లే వేగస్ నరం పుట్టే చోట మొదలై, మెట్టు మెట్టుగా పైకి పోతుంది. నల్లటి భాగానికి చేరేది మూడో మెట్టులో. ముక్కు ముందు పోవడం, మలబద్ధకం ముందు రావడం, వణుకు చివర కనపడటం ఈ వరుసకు చక్కగా సరిపోయాయి. ప్రతి రోగిలోనూ ఇదే వరుస ఉంటుందా అన్న చర్చ నేటికీ ఆగలేదు. కానీ ముక్కును రోగ కథలోకి తెచ్చి కూర్చోబెట్టింది మాత్రం ఈ ప్రతిపాదనే.

2004లో డచ్ పరిశోధకులు ఇంకో వింత చూపారు. రోగుల ఆల్ఫాక్టరీ బల్బ్‌లో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపు ఉన్నాయి. అక్కడ డోపమైన్ చేసే పని వాసన కబురును అణచడం. అందుకే లెవోడోపా ముక్కుకు మేలు చేయదేమో అన్నారు. ఆ లెక్కల మీద తరవాత వాదోపవాదాలు నడిచాయి. ఏమైనా, నడకకూ వాసనకూ ఒకే మందు ఎందుకు పనిచేయదో ఆలోచించడానికి దారి దొరికింది.

ఇదంతా చనిపోయాక తెలిసే సంగతి. బతికున్న మనిషి మెదడులో చూడటం ఎట్లా?

1983లో కెనడాలో హామిల్టన్ నగరంలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి గార్నెట్, ఫిర్నావ్, నామియాస్ తొలిసారి అది చేసి చూపారు. మెదడులో డోపమైన్‌గా మారే డోపాకు ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలించి నరంలోకి ఎక్కించి, పెట్ స్కాన్‌తో అది మెదడులో ఎక్కడ చేరిందో బొమ్మ తీశారు. బతికున్న మనిషిలో డోపమైన్ జాడ కంటికి కనపడింది. గొప్ప విజయమే, కానీ ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలు. దాన్ని సైక్లోట్రాన్‌లో తయారుచేయాలి, వెంటనే వాడేయాలి. హైదరాబాద్‌లో తయారైన మందును కారులో ఆదిలాబాద్ తీసుకొస్తున్నామనుకోండి. నిర్మల్ మీదుగా 300 కిలోమీటర్ల దారి, అయిదారు గంటల ప్రయాణం. ఇక్కడికి చేరేసరికి మిగిలేది దాదాపు ఎనిమిదో వంతు. కొత్త శాస్త్రం జిల్లాలకు ఎందుకు ఆలస్యంగా చేరుతుందో చెప్పేటప్పుడు డబ్బు గురించే మాట్లాడతాం. పరమాణువు ఆయుష్షు కూడా ఒక కారణమే.

ఆ అడ్డు సగమైనా తొలగింది మళ్లీ ఫిలడెల్ఫియాలోనే. డోటీ పనిచేసే అదే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హాంక్ కుంగ్ అనే రసాయన శాస్త్రవేత్త 1990ల నడుమ ట్రోడాట్ అనే పదార్థం తయారుచేశాడు. ఇది టెక్నీషియం-99ఎం సాయంతో పనిచేస్తుంది. ఎముకల స్కాన్‌కూ థైరాయిడ్ స్కాన్‌కూ రోజూ వాడే పరమాణువు అది. సైక్లోట్రాన్ అక్కర్లేదు. మాలిబ్డినం జనరేటర్ ఒకటి ఆసుపత్రిలో ఉంటే వారం రోజులు దాని నుంచి తీసుకోవచ్చు, అర్ధాయువు ఆరు గంటలు. 1996లో మనుషుల్లో తీసిన తొలి బొమ్మలు వచ్చాయి. మన దేశంలో పార్కిన్సన్స్ అనుమానం వచ్చినప్పుడు పెద్ద నగరాల న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో ఈ ట్రోడాట్ స్కాన్ తీస్తున్నారు.

ఆ బొమ్మను ఒకసారి దగ్గరగా చూద్దాం. సూది వేశాక నాలుగు గంటలు ఆగి, తల చుట్టూ కెమెరాలు తిప్పుతారు. కంప్యూటర్ తెర మీద మెదడు నడిమధ్య ఇటొకటి అటొకటి ప్రకాశించే మచ్చలు రెండు. ఆరోగ్యంగా ఉంటే అవి ఎదురెదురుగా పెట్టిన రెండు కామాల్లా ఉంటాయి. జబ్బు మొదలైతే కామా తోక చెరిగిపోయి చుక్క మిగులుతుంది, అదీ మొదట ఒక పక్కనే. ఆ తోక పేరు పుటామెన్. నల్లటి భాగం నుంచి వచ్చే డోపమైన్ తీగలు ముందుగా ఎండిపోయేది అక్కడే. చేయి వణకడం మొదలయ్యేసరికి ఆ తోక సగానికి సగం చెరిగి ఉంటుంది.

ఇప్పుడు ఒకే ఆవరణలో రెండు పనిముట్లు ఉన్నాయి. ఒకటి గీకి వాసన చూసే పుస్తకం. రెండోది డోపమైన్ బొమ్మ. రెండింటినీ కలిపినవాడు అక్కడి న్యూరాలజిస్టు ఆండ్రూ సిడెరోఫ్. జబ్బు తొలిదశలో ఉన్న 24 మందికి రెండు పరీక్షలూ పెట్టాడు. ఫలితం 2005లో అచ్చయింది. వాసన మార్కులు తక్కువ వచ్చినవాళ్లకు డోపమైన్ బొమ్మలోనూ వెలుగు తక్కువే. ముక్కుకూ నడకకూ నష్టం వేర్వేరు చోట్ల జరుగుతున్నా తొలిదశలో రెండూ జతగా నడుస్తున్నాయన్నమాట. నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువగా నచ్చే ఘట్టం ఇదే. కాగితం పుస్తకంతో వచ్చిన మార్కు, ఎంతో ఖరీదైన యంత్రం తీసిన బొమ్మ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి.

కానీ ట్రోడాట్ చూపేది డోపమైన్ తీగలను. వాసనను కాదు. మనిషి వాసన చూస్తున్నప్పుడు మెదడులో ఏమవుతుందో చూడటం ఇంకా కష్టమైన పని. 1992లో మాంట్రియల్‌లో రాబర్ట్ జటోరె, మెరిలిన్ జోన్స్-గాట్‌మన్ బృందం పెట్ స్కాన్‌తో మనిషి మెదడులో వాసన స్థావరాలను తొలిసారి గుర్తించింది. ఇరువైపులా కణతల లోపలి అంచున పైరిఫార్మ్ అనే భాగం, కళ్ల పైన కుడివైపు ముందు మెదడు అడుగు వెలిగాయి. తరవాత ఎంఆర్‌ఐ యంత్రంతో అదే పని చేయబోతే చిక్కుల మీద చిక్కులు వచ్చాయి.

ఎంఆర్‌ఐ గదిలో లోహం ఉండకూడదు. కాబట్టి వాసన పంపే యంత్రం గది బయట ఉంటుంది. అక్కడి నుంచి పొడుగాటి సన్నని గొట్టాలు గోడ దాటి వచ్చి పడుకున్న మనిషి ముక్కు రంధ్రాల్లో ఆగుతాయి. గాలి ఎప్పుడూ ఒకే వేగంతో, ఒంటి వేడితో, తేమతో వస్తుండాలి. వాసన వచ్చినప్పుడు ముక్కుకు చల్లగా తగలకూడదు, తోసినట్టు ఉండకూడదు. లేకపోతే మెదడు స్పందించింది వాసనకా, స్పర్శకా అన్నది తేలదు. ఇంత చేశాక ఇంకో మూడు ఇబ్బందులు. పైరిఫార్మ్ భాగం వాసనకు క్షణాల్లో అలవాటు పడి మెత్తబడుతుంది. వాసన లేకుండా ఊరికే గట్టిగా ముక్కు ఎగపీల్చినా మెదడులో కొంత భాగం వెలుగుతుంది, 1998లో స్టాన్‌ఫోర్డ్‌లో నోమ్ సోబెల్ అది చూపాడు. మూడోది, ఆల్ఫాక్టరీ బల్బ్ కింద ముక్కు గాలి గదులు ఉండటం వల్ల ఎంఆర్‌ఐ బొమ్మ సరిగ్గా అక్కడే చెదిరిపోతుంది. ప్రకృతి ఆ తలుపును గట్టిగానే మూసింది.

సోబెల్ 2001లో పార్కిన్సన్స్ రోగుల మీద చేసిన చిన్న పరిశీలన నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఈ రోగుల్లో ఎగపీల్చడం కూడా నీరసిస్తుంది, అది కూడా ఒక కదలికే కాబట్టి. గట్టిగా పీల్చమని చెబితే కొందరి మార్కులు కొంత పెరిగాయి. పోయినదంతా మెదడు పోగొట్టింది కాదు, కొంత శ్వాసది కూడా.

ఈ అడ్డంకులు దాటుకుంటూ బొమ్మలు ఒకటొకటిగా వచ్చాయి. 2006లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ వైద్యులు కణజాలంలో నీటి కదలికను కొలిచే ఎంఆర్‌ఐ పద్ధతితో జబ్బు తొలి ఏళ్లలోనే ముక్కు నరాల దారిలో తేడా పట్టారు. 2008లోనూ 2010లోనూ జర్మన్ బృందాలు రోగులకు వాసన చూపిస్తూ ఎంఆర్‌ఐ తీస్తే, భావోద్వేగాలకూ జ్ఞాపకాలకూ నెలవైన అమిగ్డాలా, హిప్పోక్యాంపస్ మందగించి కనిపించాయి. ఇప్పపువ్వు వాసన రాగానే చిన్ననాటి అడవి కళ్లముందుకు వస్తుందే, ఆ దారి అన్నమాట. 2010లో మిషిగన్‌లో నికొలాస్ బోనెన్ బృందం ఇంకో మలుపు తెచ్చింది. వాసన పోవడానికి డోపమైన్ కంటే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగ్గడంతోనే దగ్గరి సంబంధం ఉందని పెట్ బొమ్మలు చూపాయి. ఎసిటైల్‌కోలిన్ జ్ఞాపకశక్తికి కావలసిన రసాయనం. 2012లో జపాన్‌లో సెందాయ్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం 44 మంది రోగులను మూడేళ్లు కనిపెట్టుకుని చూసింది. వాళ్లలో పదిమందికి మతిమరుపు జబ్బు వచ్చింది. ఆ పదిమందికీ మొదట్లోనే వాసన బాగా పోయి ఉంది. ముక్కు పోయిన తీరు ముందు రాబోయే దాన్ని కూడా కొంత సూచిస్తుందని దీనితో తెలిసింది.

ఇక అసలు ప్రశ్న. జబ్బు రాకముందే పట్టగలమా?

2004లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు పార్కిన్సన్స్ రోగుల తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు 361 మందికి వాసన పరీక్షలు పెట్టారు. వాసన బాగా తగ్గిన 40 మందిని విడిగా గమనించారు. రెండేళ్లలో వాళ్లలో నలుగురికి జబ్బు వచ్చింది. ఆ నలుగురి డోపమైన్ బొమ్మ మొదటి రోజే మసకబారి ఉంది. 2008లో హవాయి దీవుల్లో జపాన్ సంతతి పురుషులు 2,267 మందిని గమనించిన ఫలితం వచ్చింది. వాసన అందరికంటే తక్కువ ఉన్నవాళ్లకు తరవాతి నాలుగేళ్లలో పార్కిన్సన్స్ ముప్పు దాదాపు అయిదు రెట్లు.

అప్పుడు పోస్టు కవరు పని చేసింది. పార్స్ అనే అమెరికా అధ్యయనంలో 9,398 మందికి వాసన పుస్తకాలు ఇంటికి పంపారు. 4,999 మంది గీకి, గుర్తులు పెట్టి తిప్పి పంపారు. వాసన తక్కువున్న 203 మందికి, బాగా ఉన్న 100 మందికి డోపమైన్ స్కాన్ తీశారు. వాసన బాగా ఉన్నవాళ్లలో 1 శాతం మందికే లోపం కనపడితే, తక్కువున్నవాళ్లలో 11 శాతం మందికి కనపడింది. ఇది 2012 నాటి మాట. 2017లో రెండో భాగం వచ్చింది. వాసనా తగ్గి, స్కాన్‌లోనూ స్పష్టమైన లోపం ఉన్నవాళ్లు 21 మంది. నాలుగేళ్లు గడిచేసరికి వాళ్లలో 14 మందికి పార్కిన్సన్స్ బయటపడింది. వాసన తగ్గినా స్కాన్ బాగున్న 109 మందిలో జబ్బు వచ్చింది ముగ్గురికే.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడాలి. వాసన తగ్గినంత మాత్రాన పార్కిన్సన్స్ అనుకోకూడదు. నూటికి 89 మంది స్కాన్‌లో ఆ లోపం లేదు. కోవిడ్ తరవాత వాసన పోయినవాళ్లు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. తలకు దెబ్బ, సైనస్, ముక్కులో కండ, ఆల్జీమర్స్, వయసు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కాబట్టి వాసన పోయిన ప్రతివాళ్లనూ స్కాన్‌కు పరుగెత్తించడం తప్పు. కానీ ముక్కు ముందు, స్కాన్ తరవాత అన్న వరుస పెడితే కొద్దిమందిని చాలా ముందుగా గుర్తించవచ్చు. ఆ తరవాత 2023లో ఇంకో మెట్టు ఎక్కారు. వెన్నునీటిలో ఆల్ఫా సైన్యూక్లిన్ విత్తనాలను పట్టే పరీక్షలో, వాసన పోయిన మామూలు పార్కిన్సన్స్ రోగుల్లో 98.6 శాతం మందికి జాడ దొరికింది. వాసన బాగా ఉన్న రోగుల్లో అది 78.3 శాతమే. అంటే వాసన నిలిచిన రోగులు వేరే బాపతు కావచ్చునన్నమాట. ఆ అధ్యయనానికి నాయకుడూ ఆ సిడెరోఫే.

ఇక మన సంగతికి వస్తాను.

డోటీ పుస్తకంలో ఉన్న వాసనల్లో రూట్ బీర్, వింటర్‌గ్రీన్, జింజర్‌బ్రెడ్, లైలాక్ పువ్వు ఉన్నాయి. కడెం ఒడ్డున పుట్టి పెరిగిన రైతుకు ఆ పుస్తకం ఇస్తే, ముక్కు నిక్షేపంగా ఉన్నా మార్కులు పోతాయి. తెలియని వాసనకు ఏ మెదడూ పేరు పెట్టలేదు. అందుకే ఢిల్లీ ఎయిమ్స్‌లో మాధురి బెహారి బృందం మన దేశానికి తగిన పది వాసనలతో ఒక పరీక్ష తయారుచేసి 2013లో ప్రచురించింది. అది మంచి మొదలు. ఇంగువ, లవంగం, యాలకులు, మల్లె, నువ్వుల నూనె, కిరోసిన్, ఇప్పపువ్వు, ఇలా మన వంటింట్లో, మన చేలలో, మన అడవిలో ఉండే వాసనలతో మన వైపు పరీక్ష ఒకటి తయారు కావాలి. దానికి పెద్ద ఖర్చు లేదు. ఆరోగ్యవంతులు వేల మంది మీద పెట్టి, ఏ వయసుకు ఎన్ని మార్కులు మామూలో తేల్చే ఓపిక కావాలి.

ఇంట్లో తమంతట తామే చూసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అమృతాంజనం గానీ జిందా తిలిస్మాత్ గానీ ముక్కు దగ్గర పెట్టుకుని "ఘాటు తెలుస్తుంది, నాకేం కాలేదు" అనుకోవద్దు. ఘాటు, మంట, చల్లదనం మెదడుకు చేరవేసేది వాసన నరం కాదు, ముఖం స్పర్శను మోసే ట్రైజెమినల్ నరం. వాసన పూర్తిగా పోయినవాడికి కూడా ఆ చురుకు తెలుస్తుంది. మల్లెపువ్వు, కాఫీ పొడి లాంటి ఘాటు లేని వాసనలతోనే నిజం బయటపడుతుంది.

మన జిల్లాకు ఈ విషయం ఇంకాస్త దగ్గరది. ఇది పత్తి నేల. వానాకాలమంతా వీపున పంపు మోసుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని మందు కొడతారు. 2011లో అమెరికాలో రైతుల మీద కారొలిన్ టానర్ బృందం చేసిన అధ్యయనంలో, పారాక్వాట్ అనే గడ్డిమందు వాడినవాళ్లకూ, రోటెనోన్ అనే పురుగుమందు వాడినవాళ్లకూ పార్కిన్సన్స్ ముప్పు దాదాపు రెండున్నర రెట్లు కనిపించింది. బయటి గాలిలో ఉన్నదేదైనా మెదడుకు చేరడానికి అన్నిటికంటే దగ్గరి దారి ముక్కే. మందు వల్లే జబ్బు వచ్చిందని ఒక్కొక్క రోగి విషయంలో తేల్చి చెప్పలేం. కానీ మందు కొట్టే చేతులు ఇన్ని ఉన్నచోట ఆ చేతులను, ఆ ముక్కులను గమనించేవాళ్లు ఉండాలి.

ముందుగా తెలిసి ఏం లాభం, జబ్బును ఆపే మందు లేదు కదా అని అడుగుతారు. నిజమే, ఇప్పటికైతే లేదు. అయినా తెలిసిన మనిషి నడక, వ్యాయామం ముందే మొదలుపెడతాడు. చేయి బిగుసుకుంటే భుజం నొప్పి అనుకుని ఏళ్ల తరబడి తప్పు వైద్యం చేయించుకోడు. రేపు జబ్బును ఆపే మందు వస్తే అది పనిచేసేది తోక పూర్తిగా చెరగని మెదడు మీదే. ఆ మందుల పరీక్షల్లో ఆదిలాబాద్, కరీంనగర్ మనుషులకూ చోటుండాలంటే వాళ్లెవరో ముందుగా తెలియాలి.

ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రిలో, జిల్లా ఆసుపత్రుల్లో, ఉట్నూరు ఏజెన్సీ ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. బీపీ, షుగర్ చూడటానికి ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తల చేత 50 దాటినవాళ్లను నాలుగు ప్రశ్నలు అడిగించండి. వాసన తెలుస్తుందా? నిద్రలో కేకలు వేయడం, చేతులు కాళ్లు విసరడం ఉందా? ఏళ్ల తరబడి మలబద్ధకం ఉందా? నడిచేటప్పుడు ఒక చేయి ఊగడం తగ్గిందా? రెండు మూడింటికి జవాబు తేడాగా వస్తే న్యూరాలజిస్టు దగ్గరికి పంపండి. స్కాన్ అవసరమో కాదో వాళ్లు తేలుస్తారు. ఆ నాలుగు ప్రశ్నలు అడగడానికి సైక్లోట్రాన్ అక్కర్లేదు, ఈ ఏడే మొదలుపెట్టవచ్చు.